చూడకముందే జవాబు: పర్లాకిమిడిలో ఎనిమిదో తరగతి భౌతిక విజ్ఞాన పునశ్చరణ

పీడనం అంటే ఏమిటని అడిగితే ప్రమాణ వైశాల్యంపై లంబంగా పనిచేసే బలం అని అక్షరం పొల్లుపోకుండా అప్పజెప్పే అమ్మాయి ఒకరు మా సాయంత్రం తరగతిలో ఉంది. అదే అమ్మాయిని ఇటుకను పడుకోబెడితే నేల మీద పీడనం ఎక్కువా, నిలబెడితే ఎక్కువా అని అడిగాను. "పడుకోబెడితేనే మాస్టారూ, ఎక్కువ చోటు నొక్కుతుంది కదా" అంది. ఆమెకు పీడనం వచ్చినట్టా, రానట్టా? అర్ధ వార్షిక పరీక్షకు కొద్ది వారాల ముందు మొదలుపెట్టిన పునశ్చరణ అంతా ఈ ప్రశ్న చుట్టూనే తిరిగింది. ఆ పునశ్చరణ ఎలా నడిచింది, ఏ పాఠం దగ్గర పిల్లలు కదిలారు, ఎక్కడ కదలలేదు అన్నది ఇక్కడ రాస్తున్నాను. మాధ్యమిక తరగతులకు సైన్సు చెప్పే తోటి ఉపాధ్యాయులు వాడుకోగలిగినంత వివరంగా రాయడమే ఉద్దేశం.

ఊరు, పిల్లలు

పర్లాకిమిడి ఒడిశాలో గజపతి జిల్లా కేంద్రం. సరిహద్దు దాటగానే శ్రీకాకుళం జిల్లా పాతపట్నం వస్తుంది. 1936 ఏప్రిల్ 1న ఒడిశా రాష్ట్రం ఏర్పడినప్పుడు ఊరు ఆ రాష్ట్రంలో చేరింది. ఇళ్లలో, బజారులో తెలుగు మాత్రం ఎక్కడికీ పోలేదు. నా దగ్గరికి వచ్చే పిల్లల్లో చాలామంది బడిలో ఒడియాలో రాస్తారు, కొందరు ఇంగ్లీషులో రాస్తారు, అందరూ ఇంట్లో తెలుగే మాట్లాడతారు. వాదించుకునేటప్పుడు వాళ్ల నోటి నుంచి వచ్చేది తెలుగే. అందుకే ఒక నియమం ముందే పెట్టాను: కారణం చెప్పడం ఏ భాషలోనైనా సరే, చివరి జవాబు మాత్రం పరీక్ష రాసే భాషలో ఉండాలి.

ఈ పునశ్చరణలో ముగ్గురిని దగ్గరగా గమనించాను. ఒకరు పైన చెప్పిన అమ్మాయి. పుస్తకంలో ఏ పేరా ఏ పేజీలో ఉందో కూడా చెప్పగలదు. రెండో విద్యార్థి కొమ్ము పని చేసే ఇంటి అబ్బాయి. పశువుల కొమ్ములతో దువ్వెనలు, కొంగలు, దేవుడి బొమ్మలు చేసే పనికి మా ఊరు పేరుపొందింది. ఈ అబ్బాయి చేతికి పని తెలుసు, పెన్ను పట్టుకుంటే మాత్రం తడబడతాడు. మూడో విద్యార్థి పక్క పల్లె నుంచి సైకిల్ మీద వచ్చే అబ్బాయి. లెక్కలో చురుకే కానీ ప్రమాణాలు రాయడు. న్యూటన్లు, కిలోగ్రాములు అతనికి ఒకటే.

పరీక్షలో వచ్చే పాఠాలు మామూలువే: బలం, పీడనం, ఘర్షణ, ఉష్ణం, సాంద్రత, పదార్థంలో మార్పులు, శబ్దం, కాంతి. ఇవి పిల్లలు ఆరో తరగతి నుంచి ఏదో రూపంలో వింటున్నవే. అసలు చిక్కు కూడా అక్కడే ఉంది. కొత్త పాఠమైతే తెలియదని ఒప్పుకుంటారు. పాత పాఠాన్ని మళ్లీ చదువుతుంటే వాక్యాలన్నీ తెలిసినవిగా కనిపిస్తాయి, ఆ పరిచయాన్ని వాళ్లు అర్థమనుకుంటారు.

మొదటి చీటీలు

పునశ్చరణ మొదటి రోజు పుస్తకాలన్నీ సంచుల్లో పెట్టించాను. ఒక్కొక్కరికీ కొన్ని చీటీలు ఇచ్చి, ఒక్కో ప్రశ్న చదివి, జవాబు, దాని కింద కారణం రాయమన్నాను. మార్కులు లేవు. తప్పు రాసినవాళ్లను ఎవరూ నవ్వకూడదు, కొట్టివేతలు ఉండకూడదు. ప్రశ్నలు పుస్తకం వెనక ఉన్న అభ్యాసాల్లోవి కావు. ఒక్కో ప్రశ్నా పిల్లలు కలగలిపేసే రెండు భావనలను విడదీసేలా రాసుకున్నాను. బలం, పీడనం ఒక జత. ఉష్ణం, ఉష్ణోగ్రత మరో జత. ఇంకా ద్రవ్యరాశి-భారం, బరువు-సాంద్రత, మరగడం-ఆవిరవడం, భౌతిక మార్పు-రసాయనిక మార్పు, శబ్దంలో స్థాయి (కీచుదనం)-తీవ్రత (బిగ్గరతనం). ఈ వయసులో పిల్లలు చేసే తప్పుల్లో ఎక్కువ భాగం ఇలాంటి జతల మధ్య పుట్టేవే అని నా అనుభవం. విడివిడిగా అడిగితే రెండింటి నిర్వచనాలూ చెప్తారు. ఒకే ప్రశ్నలో రెండూ ఎదురైతే ఒకదాని చోట మరొకటి పెడతారు.

చీటీలు చదివాక నిర్వచనాలు బాగా చెప్పేవాళ్లకూ చెప్పలేనివాళ్లకూ ఈ ప్రశ్నల్లో పెద్ద తేడా కనిపించలేదు. కొమ్ము పని ఇంటి అబ్బాయి ఘర్షణ ప్రశ్నకు అందరికంటే మంచి జవాబు రాశాడు. నున్నగా రుద్దిన కొమ్ము చేతిలోంచి జారిపోతుందని, రుద్దనిది పట్టుకు నిలుస్తుందని రెండు ముక్కల్లో తేల్చేశాడు.

పుస్తకం మూసి గుర్తుచేసుకోవడానికి ఎందుకంత పట్టుబట్టాలని తల్లిదండ్రులు అడిగారు. దీనికి గట్టి ఆధారమే ఉంది. అమెరికాలో రోడిగర్, కార్పికే అనే మనస్తత్వ శాస్త్రవేత్తలు 2006లో ప్రచురించిన పరిశోధనలో కొందరు విద్యార్థులు ఒక పాఠాన్ని రెండుసార్లు చదివారు. మరికొందరు ఒకసారి చదివి, రెండోసారి చూడకుండా గుర్తున్నంతా రాశారు. అయిదు నిమిషాల తర్వాత పరీక్ష పెడితే రెండుసార్లు చదివినవాళ్లే కాస్త ముందున్నారు. వారం తర్వాత పెడితే తారుమారైంది: చూడకుండా రాసినవాళ్లకు 56 శాతం గుర్తుంది, మళ్లీ చదివినవాళ్లకు 42 శాతమే గుర్తుంది. పరీక్ష ముందురాత్రి చదివితే బాగా వచ్చినట్టనిపించి, తర్వాత ఆరిపోవడానికి కారణం ఇదే. సైన్సులో దీనికి మరో మెట్టు చేర్చాలని నేననుకుంటాను. చూడకుండా గుర్తుచేసుకుంటే సరిపోదు. ప్రయోగం చేయకముందే ఏం జరుగుతుందో రాసి, ఆ మాటకు కట్టుబడాలి. రాసి ఇచ్చిన మాట ఎదురుగా ఉంటే, "నేనూ అదే అనుకున్నాను" అని తప్పించుకోవడం ఎవరికీ కుదరదు.

కాబట్టి ప్రతి భావనకూ ఒకే వరస పాటించాం. ముందు చీటీ. తర్వాత పక్కవాళ్లతో వాదన. తర్వాత ప్రయోగం లేదా లెక్క. తర్వాత రెండో చీటీ. పుస్తకం చిట్టచివర. కొన్నాళ్లు పోయాక అదే భావన వేషం మార్చుకుని మళ్లీ ప్రశ్నగా వచ్చేది.

ఇటుక

బలం, పీడనం జతతో మొదలుపెట్టాం. తరగతి బయట కట్టుబడి పనికి తెచ్చిన ఇటుకల్లోంచి ఒకటి తెచ్చి స్కేలుతో కొలిచారు: పొడవు 20, వెడల్పు 10, ఎత్తు 6 సెంటీమీటర్లు. కిరాణా కొట్టు తూకంలో 2.4 కిలోలు తూగింది. గురుత్వ త్వరణాన్ని 10 అని తీసుకుంటే భారం 24 న్యూటన్లు. సైకిల్ అబ్బాయి ఇక్కడ 24 కిలోలు అని రాశాడు. తూకంలో 2.4 చూసిన వెంటనే 24 కిలోలు ఎలా అవుతుందని పక్కనున్న పిల్లాడు అడిగాడు. ప్రమాణం రాయకపోతే ఏమవుతుందో నేను ఎన్నిసార్లు చెప్పినా ఎక్కనిది అక్కడ ఎక్కింది.

తర్వాత తడి ఇసుక నింపిన పళ్లెం మీద ఇటుకను మూడు తీర్లుగా నిలిపారు. పడుకోబెట్టినప్పుడు ఇసుక మీద గుర్తు పైపైన పడింది. సన్నటి ముఖం మీద నిలబెట్టినప్పుడు లోతుగా దిగింది. అప్పుడు లెక్క వేయించాను. పడుకోబెడితే నేలను తాకే వైశాల్యం 200 చదరపు సెంటీమీటర్లు, పీడనం 1,200 పాస్కళ్లు (ఒక పాస్కల్ అంటే చదరపు మీటరుకు ఒక న్యూటన్). అంచు మీద పెడితే 120 చదరపు సెంటీమీటర్లు, 2,000 పాస్కళ్లు. నిలబెడితే 60 చదరపు సెంటీమీటర్లు, 4,000 పాస్కళ్లు. మూడు సందర్భాల్లోనూ బలం 24 న్యూటన్లే.

నిర్వచనం అప్పజెప్పే అమ్మాయి ఈ మూడు అంకెలనూ చాలాసేపు చూసింది. "బలం మారలేదు, పీడనం మారింది. అంటే అవి రెండూ ఒకటి కావు" అంది. పుస్తకం ఆ మాటను మరింత పద్ధతిగా చెప్తుంది, ఆమె దాన్ని ఎన్నోసార్లు చదివింది కూడా. తన నోట తానుగా చెప్పడం ఇదే మొదలు. కొన్నాళ్ల తర్వాత ఇదే భావన మీద వేరే చీటీ ఇచ్చాను: బడిసంచీ పట్టీ వెడల్పుగా ఎందుకు ఉండాలి, సూది మొన సన్నగా ఎందుకు ఉండాలి? ఆమె రెండింటికీ ఒకే సూత్రంతో, వైశాల్యం ఏ వైపు పోతుందో బాణం గుర్తులు వేసి రాసింది.

సాంద్రతకు కూడా అదే ఇటుకను వాడుకున్నాం. ఘనపరిమాణం 1,200 ఘన సెంటీమీటర్లు, ద్రవ్యరాశి 2,400 గ్రాములు. ఘన సెంటీమీటరుకు 2 గ్రాములు. నీటిది 1 గ్రాము. కాబట్టి ఇటుక మునుగుతుంది. మరి టన్నుల బరువున్న దుంగ ఎందుకు తేలుతుంది? "బరువైనది మునుగుతుంది" అని మొదటి చీటీలో రాసినవాళ్లందరూ ఈ ప్రశ్న దగ్గర ఆగిపోయారు. ఇటుకను సగానికి పగలగొడితే సాంద్రత సగమవుతుందా అని అడిగాను. చాలామంది అవునన్నారు. పగలగొట్టి, సగం ముక్కను బకెట్లో వేస్తే అదీ మునిగింది.

వేడినీళ్లు, చన్నీళ్లు

ఉష్ణానికీ ఉష్ణోగ్రతకూ మధ్య గందరగోళం ఈ తరగతుల్లో అన్నిటికంటే లోతైనదని నా నమ్మకం. అందుకే ఎక్కువ సమయం దీనికే ఇచ్చాను. బరంపురంలో కొన్న ప్రయోగశాల థర్మామీటరు ఉంది. జ్వరం చూసే థర్మామీటరు ఈ పనికి రాదు, దాని కొలత 35 నుంచి 42 డిగ్రీల మధ్యే ఉంటుంది.

ప్రశ్న ఇది: 70 డిగ్రీల వేడినీళ్లు ఒక లీటరు, 28 డిగ్రీల కుళాయి నీళ్లు ఒక లీటరు కలిపితే ఎన్ని డిగ్రీలు ఉంటుంది? చీటీల్లో 98 వచ్చింది, 42 వచ్చింది, 70 వచ్చింది. 98 రాసినవాళ్లలో సైకిల్ అబ్బాయి ఉన్నాడు. "వేడినీళ్లలో చన్నీళ్లు పోస్తే మరిగే దాకా వస్తుందా?" అని పక్కనున్న అమ్మాయి అడిగితే కాసేపు తలదించుకుని, తర్వాత కూడడం తప్పని తానే ఒప్పుకున్నాడు. స్నానానికి నీళ్లు తొరుపుకోవడం ఆ పిల్లలందరికీ తెలిసిన పనే. తెలిసిన పనినీ పుస్తకంలోని అంకెనూ వాళ్లు రెండు వేరు గదుల్లో పెట్టేసుకున్నారు.

కలిపి చూశాం. లెక్క ప్రకారం 49 రావాలి. థర్మామీటరు 47 దగ్గర ఆగింది. ఇక్కడ నేను ఏమీ చెప్పకుండా ఊరుకున్నాను. మిగిలిన రెండు డిగ్రీలు ఎక్కడికి పోయాయని కొమ్ము పని ఇంటి అబ్బాయి అడిగాడు. గిన్నె ముట్టుకోమన్నాను. గిన్నె వెచ్చగా ఉంది. కొంత ఉష్ణం గిన్నెకు పోయింది, కొంత గాలిలోకి పోయింది. ఉష్ణం ఒకచోట నుంచి మరోచోటికి వెళ్లే శక్తి అని, ఉష్ణోగ్రత ఆ ప్రయాణం ఎటువైపో చెప్పే కొలత అని చెప్పడానికి ఇంతకంటే మంచి సందర్భం దొరకదు. పుస్తకంలోని ఉదాహరణల్లో అంకెలు ఎప్పుడూ సరిగ్గా కుదురుతాయి. కుదరని అంకే ఇక్కడ పాఠం నేర్పింది. గిన్నెకు పోయే ఉష్ణాన్ని లెక్కించకుండా వదిలేసే ప్రశ్నలు వేసినప్పుడు, "నష్టం లేదనుకుంటే" అనే మాట ఎందుకు రాస్తారో కూడా అప్పుడే తెలిసింది.

తర్వాత ఒక లీటరు 70 డిగ్రీల నీటిలో రెండు లీటర్లు 28 డిగ్రీల నీరు కలపడం. ఈసారి దాదాపు అందరూ 49 కంటే తక్కువ రాశారు. లెక్క: 70కి 28 రెండుసార్లు కలిపితే 126, దాన్ని 3తో భాగిస్తే 42.

ఆ తర్వాత అసలు ప్రశ్న. 40 డిగ్రీల నీళ్లు బకెట్లో 10 లీటర్లు, 100 డిగ్రీల నీళ్లు గ్లాసులో 200 మిల్లీలీటర్లు. రెండూ 30 డిగ్రీల నుంచి వేడి చేసినవే. దేనికి ఎక్కువ ఉష్ణం పట్టింది? ఒక లీటరు నీటిని ఒక డిగ్రీ వేడి చేయడానికి ఒక కిలోకేలరీ ఉష్ణం కావాలి కాబట్టి బకెట్టుకు 100 కిలోకేలరీలు, గ్లాసుకు 14. ఉష్ణోగ్రత గ్లాసులో ఎక్కువ, ఉష్ణం బకెట్టుకు ఎక్కువ. ఈ ఒక్క లెక్క చేశాక రెండు నిర్వచనాలనూ పిల్లలు మళ్లీ చదివారు. చదివేటప్పుడు ఒక్కో పదం దగ్గర ఆగి చదవడం స్పష్టంగా కనిపించింది.

మరిగే నీటి మీద ఇంకో చీటీ ఇచ్చాను. నీళ్లు తెర్లుతున్నప్పుడు వచ్చే పెద్ద బుడగల్లో ఏముంటుంది? ఎక్కువమంది గాలి అన్నారు. మా పుస్తకాల అమ్మాయి హైడ్రోజన్, ఆక్సిజన్ అని రాసింది, నీటి ఫార్ములా తెలుసు కాబట్టి. గాలే అయితే నీళ్లన్నీ ఇగిరేదాకా బుడగలు వస్తూనే ఉండాలంటే అంత గాలి ఎక్కడిది అని అడిగాను. వేడి చేయడం మొదలుపెట్టిన కాసేపటికి గిన్నె అంచులకు అంటుకునే చిన్న బుడగలు నీటిలో కరిగి ఉన్న గాలివి. తెర్లేటప్పుడు అడుగు నుంచి లేచే పెద్ద బుడగలు నీటి ఆవిరివి. చల్లటి స్టీలు పళ్లాన్ని గిన్నె పైన పట్టుకుంటే చుక్కలు పేరుకున్నాయి. ఆ ఆవిరిని చల్లబరిస్తే నీరే వచ్చింది కాబట్టి నీరు విడిపోలేదని ఆమెకు ఆమే తేల్చుకుంది. విడిపోవాలంటే విద్యుత్తు పంపాలని, అది రసాయనిక మార్పు అని అప్పుడు చెప్పాను.

మంట పెంచితే మరిగే నీటి ఉష్ణోగ్రత పెరుగుతుందా? పెరగదు. థర్మామీటరు కదలకుండా ఉండడం చూశారు. మరి ఎప్పుడు మారుతుంది? గాలి పీడనం మారితే. మా జిల్లాలోనే మహేంద్రగిరి ఉంది, ఎత్తు 1,501 మీటర్లు. దాదాపు 300 మీటర్లు పైకి వెళ్లేకొద్దీ నీటి మరుగు స్థానం ఒక డిగ్రీ తగ్గుతుంది. అంటే ఆ శిఖరం మీద నీళ్లు సుమారు 95 డిగ్రీలకే మరుగుతాయి. పప్పు ఎక్కువసేపు ఉడకాలి. కుక్కరులో పీడనం పెరిగి నీళ్లు సుమారు 120 డిగ్రీల దగ్గర మరుగుతాయి కాబట్టి పప్పు త్వరగా ఉడుకుతుంది. పీడనం పాఠం, ఉష్ణం పాఠం ఇక్కడ కలిశాయి. పుస్తకంలో వాటి మధ్య చాలా పేజీల దూరం ఉంది.

పైకి విసిరిన బంతి

చీటీల్లో అందరూ ఒకేలా తప్పిన ప్రశ్న ఇది. బంతిని పైకి విసిరాక, చేతిని వదిలి ఇంకా పైకి వెళ్తున్నప్పుడు దాని మీద ఏ ఏ బలాలు పనిచేస్తాయి? "చెయ్యి ఇచ్చిన బలం పైకి, భూమి ఆకర్షణ కిందికి. చెయ్యి బలం అయిపోతే పడిపోతుంది." దాదాపు ప్రతి చీటీలో ఇదే ఉంది.

ఈ తప్పును చిన్నచూపు చూడకూడదు. 14వ శతాబ్దంలో పారిస్‌లో బోధించిన జాన్ బురిడాన్ వంటి గొప్ప పండితులు కూడా విసిరిన వస్తువులో విసిరినవాడు నింపిన ఒక శక్తి ఉంటుందని, అదే దాన్ని నడిపిస్తుందని భావించారు. 1687లో న్యూటన్ చలన నియమాలు అచ్చయ్యేదాకా ఈ ఆలోచనను పూర్తిగా పక్కన పెట్టడం సాధ్యం కాలేదు. శతాబ్దాలు పట్టిన మార్పును పిల్లలు ఒక నిర్వచనం చదివి చేసేసుకుంటారని ఎదురుచూడడం అన్యాయం. పిల్లలకు ఈ మాట చెప్పాను. తాము మూర్ఖంగా ఆలోచించలేదని తెలిశాక వాళ్లు ఇంకా గట్టిగా వాదించారు.

ఇసుకలో చూపినట్టు చూపగలిగేది ఇక్కడ లేదు. కాబట్టి ఒక ప్రశ్నను పట్టుకుని వదలలేదు: బలం అంటే రెండు వస్తువుల మధ్య జరిగేది. గాలిలో ఉన్న బంతిని పైకి నెడుతున్న రెండో వస్తువు ఏది? వేలు పెట్టి చూపించండి. చెయ్యి బంతిని ముట్టుకోవడం లేదు. చూపించడానికి ఏమీ దొరకలేదు. గాలి నిరోధాన్ని లెక్కలోకి తీసుకోకపోతే బంతి మీద ఒకటే బలం ఉంది, అది భూమ్యాకర్షణ, కిందికి.

"మరి పైకి ఎలా వెళ్తోంది?" అని సైకిల్ అబ్బాయి అడిగాడు. క్యారమ్ బోర్డు తీశాం. పౌడర్ చల్లకుండా స్ట్రైకర్‌ను వదిలితే కాస్త దూరం పోయి ఆగింది. పౌడర్ చల్లి అంతే గట్టిగా కొడితే అవతలి అంచు దాకా పోయింది. ఘర్షణ తగ్గేకొద్దీ ఎక్కువ దూరం వెళ్తుంది. అసలు ఘర్షణే లేకపోతే? ఆగదు. కదులుతున్నదాన్ని కదిలించడానికి బలం అక్కర్లేదు, వేగాన్ని మార్చడానికే బలం కావాలి. బంతి పైకి వెళ్లడానికి చేతిని వదిలేటప్పుడు ఉన్న వేగం చాలు. భూమి ఆ వేగాన్ని తగ్గిస్తూ పోతుంది.

చివరి చీటీ: శిఖరం దగ్గర బంతి క్షణం ఆగినప్పుడు దాని మీద బలం సున్నానా? కొమ్ము పని ఇంటి అబ్బాయి ఇలా రాశాడు: "సున్నా కాదు. సున్నా అయితే అక్కడే ఉండిపోయేది." చిన్న జవాబు. నేను ఏటా చెప్పే వివరణ కంటే బాగుంది. ఆ ఒక్క వాక్యం ఆ తర్వాత నా తరగతిలో పాఠంగా మారింది.

కొమ్ము, సున్నం, పట్టాలు

పదార్థంలో మార్పుల పాఠం పిల్లలు సులభమనుకుంటారు: తిరిగి మునుపటి స్థితికి వస్తే భౌతికం, రాకపోతే రసాయనికం. ఈ కొలబద్ద చాలాచోట్ల పనిచేస్తుంది, కొన్నిచోట్ల దారి తప్పిస్తుంది. చిరిగిన కాగితం తిరిగి రాదు, అయినా అది భౌతిక మార్పే. కొత్త పదార్థం ఏర్పడిందా లేదా అన్నదే అసలు ప్రశ్న.

ఇక్కడ కొమ్ము పని ఇంటి అబ్బాయి తరగతికి ఉపాధ్యాయుడయ్యాడు. వాళ్ల నాన్న కొమ్మును వేడి చేస్తే మెత్తబడుతుంది, అప్పుడు వంచి, నొక్కి ఆకారం తెస్తారు. చల్లారాక అలాగే గట్టిపడుతుంది. ఇది ఏ మార్పు? ఆకారం మారింది, పదార్థం కొమ్మే. భౌతికం. వేడి ఎక్కువై మాడితే? "జుట్టు కాలిన వాసన వస్తుంది, తర్వాత పొడిపొడి అయిపోతుంది" అన్నాడు. జుట్టూ, కొమ్మూ, గోరూ కెరటిన్ అనే ప్రోటీన్‌తో తయారవుతాయి. అందులో గంధకం ఉంటుంది. మాడినప్పుడు కొత్త పదార్థాలు పుడతాయి, ఆ వాసన వాటిదే. అది రసాయనికం. వేడి ఒకటే, వస్తువు ఒకటే, ఎంత వేడి అన్నదాన్ని బట్టి మార్పు రకం మారింది. పుస్తకంలోని మైనపువత్తి ఉదాహరణ చెప్పేదీ ఇదే. వత్తి కంటే కొమ్ము ఈ పిల్లలకు దగ్గర.

సున్నం ప్రశ్నకు మాత్రం ఎక్కువమంది తప్పారు. పొడి సున్నంలో నీళ్లు పోయడాన్ని ఉప్పు నీటిలో కరగడంతో సమానం చేశారు. దూరంగా నిలబెట్టి, కళ్లకు అద్దాలు పెట్టుకుని నేనే చేసి చూపించాను. సున్నం కంట్లో పడితే చూపుకే ప్రమాదం, పిల్లల చేత చేయించకూడదు. గిన్నె చెయ్యి కాలేంత వేడెక్కింది. కాల్షియం ఆక్సైడ్ నీటితో కలిసి కాల్షియం హైడ్రాక్సైడ్‌గా మారుతుంది. దాన్ని గోడకు వేస్తే గాలిలోని కార్బన్ డయాక్సైడ్‌ను పట్టుకుని కాల్షియం కార్బొనేట్‌గా గట్టిపడుతుంది. వెల్ల వేసిన గోడ రోజులు గడిచేకొద్దీ తెల్లగా, గట్టిగా ఎందుకు అవుతుందో అప్పుడు అడిగితే వాళ్లే చెప్పారు.

వ్యాకోచానికి రైలు పట్టాలనే తీసుకున్నాను. నౌపడా నుంచి పర్లాకిమిడికి 1900లో చిన్న రైలు వచ్చింది, పట్టాల మధ్య దూరం 762 మిల్లీమీటర్లు. తర్వాత గుణుపురం దాకా పొడిగించారు. 2004లో ఆ రైలు ఆగి, తర్వాత అదే దారిలో బ్రాడ్ గేజ్ వచ్చింది. ఉక్కు పట్టా ప్రతి డిగ్రీకి తన పొడవులో లక్షకు 1.2 వంతు పెరుగుతుంది. ఒక కిలోమీటరు పట్టా 30 డిగ్రీలు వేడెక్కితే 36 సెంటీమీటర్లు. ఆ పొడవును స్కేలుతో బల్ల మీద కొలిచి చూశారు. అంత పొడవు ఎక్కడికి పోతుందన్న ప్రశ్నను వాళ్లకే వదిలేశాను. మర్నాడు ఒకరు స్టేషనుకెళ్లి అతుకుల దగ్గర చూసి వచ్చి చెప్పారు.

శబ్దాన్ని త్వరగా ముగించాం. మెరుపు కనిపించాక ఉరుము మూడు సెకన్లకు వినిపిస్తే పిడుగు సుమారు ఒక కిలోమీటరు దూరంలో ఉందని, ధ్వని గాలిలో సెకనుకు దాదాపు 340 మీటర్లు పోతుందని వాళ్లకు ముందే తెలుసు. రబ్బరు బ్యాండును బిగించి మీటితే స్థాయి పెరుగుతుంది, గట్టిగా మీటితే తీవ్రత పెరుగుతుంది. రెండు సార్లు చేశాక ఆ జత విడిపోయింది.

సగటు వేగం మీద ఒకే ప్రశ్న. 60 కిలోమీటర్ల దూరం వెళ్లేటప్పుడు గంటకు 30, తిరిగి వచ్చేటప్పుడు గంటకు 60. సగటు 45 అన్నారందరూ. వెళ్లడానికి రెండు గంటలు, రావడానికి ఒక గంట, మొత్తం 120 కిలోమీటర్లకు మూడు గంటలు: 40. సైకిల్ అబ్బాయి ఈసారి ప్రమాణాలతో సహా రాశాడు.

పరీక్ష, ఆ తర్వాత

మధ్యలో ఒత్తిడి వచ్చింది. "పుస్తకం ఎప్పుడు చదివిస్తారు మాస్టారూ? పక్క ట్యూషన్‌లో నోట్సు మొత్తం అయిపోయిందట" అని ఒక తల్లి అడిగారు. ఆమె ఆందోళన న్యాయమైనదే. పరీక్షలో నిర్వచనాలకు మార్కులుంటాయి. చివరి వారంలో నిర్వచనాలనూ, సూత్రాలనూ, ప్రమాణాలనూ చూడకుండా రాయించడానికి సమయం కేటాయించాను. ప్రయోగం తర్వాత చేసిన ఆ పని మునుపటి ఏళ్ల కంటే త్వరగా అయింది. ఒక వాక్యంలోని ప్రతి పదం ఎందుకు ఉందో తెలిశాక దాన్ని బట్టీ పట్టాల్సిన పని చాలావరకు ఉండదు.

పుస్తకాల అమ్మాయి మార్కులు పెద్దగా మారలేదు. మునుపూ ఆమెవి ఎక్కువే. మారినవి కారణం అడిగే ప్రశ్నల జవాబులు. మునుపు అక్కడ నిర్వచనాన్ని మళ్లీ రాసేది. ఈసారి సందర్భంలోని వస్తువుల పేర్లతో రాసింది. కొమ్ము పని ఇంటి అబ్బాయికి మార్కులు పెరిగాయి, అయినా అతనికి తెలిసినంత పెరగలేదు. వాక్యం రాయడం ఇంకా బరువే. అతనికి నోటితో చెప్పించి, చెప్పినదాన్ని వెంటనే తన చేత రాయించే పద్ధతి మొదలుపెట్టాం. సైకిల్ అబ్బాయి ప్రమాణాలు వదిలేసిన చోట్లు బాగా తగ్గాయి.

ఈ పద్ధతికి సమయం ఎక్కువ పడుతుంది. అయస్కాంతత్వం పాఠాన్ని దాదాపు తాకలేకపోయాం. అన్ని పాఠాలనూ ఒక్కసారి తిరగేయాలనుకునేవాళ్లకు ఇది నచ్చకపోవచ్చు. నా అభిప్రాయంలో అన్ని పేజీలూ తిరగేసి ఏ జతనూ విడదీయకపోవడం కంటే, కొన్ని జతలను శుభ్రంగా విడదీయడమే పరీక్షకూ మేలు, తొమ్మిదో తరగతికీ మేలు. తొమ్మిదిలో న్యూటన్ నియమాలు, ప్లవనం పూర్తిగా వస్తాయి. ఉష్ణం పై తరగతుల్లో మళ్లీ ఎదురవుతుంది. అప్పుడు ఈ పునాది మీదే నిలబడాలి.

కాంతి దగ్గర మాత్రం పని మిగిలిపోయింది. పతన కోణాన్ని, అంటే అద్దం మీద పడే కిరణం లంబంతో చేసే కోణాన్ని, అద్దం ఉపరితలం నుంచి కొలవడం ఈ పిల్లల్లో మొండిగా నిలిచిన తప్పు. లంబం నుంచి కొలవాలని చెప్తారు, పటంలో అద్దం నుంచే కొలుస్తారు. అర్ధ వార్షిక పరీక్షలోనూ అదే జరిగింది. వచ్చే విడత కాంతితో మొదలవుతుంది. అద్దం ముక్క, టార్చిలైటు, దువ్వెన పళ్ల మధ్య నుంచి వచ్చే సన్నటి వెలుగు గీతలు, కోణమానిని సిద్ధం చేసుకున్నాను. మొదటి చీటీ మీద ఉండబోయే ప్రశ్న: కిరణం అద్దంతో 30 డిగ్రీల కోణం చేస్తే పరావర్తన కోణం ఎంత, ఎందుకు? జవాబు 60. పటం గీయకముందే వాళ్లు రాసి ఇవ్వాలి.